నొప్పి లేని నిద్ర

ఏటిమొగ రేవులో పంటు కదిలేసరికి అవతలి ఒడ్డు కనబడటం లేదు. పొద్దెక్కి చాలాసేపయినా మంచు విడవలేదు. నది ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని ఆ తెలుపులోకి పంటు మెల్లగా జారిపోయింది. దాని మీద మోటారు సైకిళ్ళు, గడ్డి మోపులు, ఒక పోలీసు జీపు ఉన్నాయి. దుర్గాశ్రీనివాస్ ఇనుప కమ్మీకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

గుడివాడలో అతని డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చేవాళ్ళు ముందుగా బెంబేలెత్తేది ఈ కళ్ళు మూసుకోవడం చూసే. మన గోడు వింటూ కునుకు తీసేవాడు దొంగనేం పట్టుకుంటాడని లేచి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. కానీ అతను నిద్రపోడు. విన్న మాటల్ని లోపల వదిలేసి, అవి వాటంతట అవి ఎటు వెళ్తాయో చూస్తూ కూర్చుంటాడు. అతని పద్ధతి అది, దాని గురించి ఎవరేమనుకున్నా పట్టించుకునే రకం కాదు.

"పడుకోండి, పడుకోండి. లంక వచ్చాక నేను లేపుతాను," అన్నాడు పక్కనుంచి సి.ఐ. జగన్మోహనరావు.

శ్రీనివాస్ కళ్ళు తెరవకుండానే నవ్వాడు. ఇద్దరూ వెళ్తున్నది ఎదురుమొండిలో ఒకే ఇంటికి. పంటు ఒక్కటే కాబట్టి కలిసి వెళ్ళక తప్పలేదు. ఆ ఇంటి ఇల్లాలి వాంగ్మూలం పట్టుకుని సాయంత్రానికల్లా బందరులో డాక్టర్ వందనను అరెస్టు చేయాలని సి.ఐ. తొందర. ఆ అరెస్టు జరగకుండా చూడమని వందన పొద్దున్నే శ్రీనివాస్‌ని పిలిపించుకుంది.

చనిపోయినవాడు పున్నారావు. సముద్రం మీద బతికిన మనిషి. రెండేళ్ళ కిందట ఏరు సముద్రంలో కలిసే మొగలో పడవ తిరగబడి, దాని అంచు నడుము మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ నొప్పి పోలేదు. పక్క మీద దొర్లలేక, కూర్చోలేక, అరిస్తే పక్కింటివాళ్ళు లేస్తారని తువ్వాలు నోట్లో కుక్కుకుని రాత్రులు వెళ్ళదీశాడు. చూపించుకోని డాక్టరు లేడు. చివరికి బందరులో వందన నడుపుతున్న నొప్పి చికిత్సాలయానికి చేరాడు. ఆవిడ అన్ని మందులూ వాడి చూసి, అవేవీ పనిచేయక, ఫెంటానిల్ పట్టీ మొదలుపెట్టింది. ఒంటికి అంటిస్తే మూడు రోజులపాటు చర్మంలోంచి కొంచెం కొంచెంగా దిగే మందు అది. మార్ఫిన్‌కి అన్న లాంటిది. పున్నారావు అయిదారు నెలలు మనిషిలా బతికాడు, అరుగు మీద కూర్చుని వలలు బాగుచేశాడు. పోయిన నెలలో ఒక రాత్రి నిద్రలోనే పోయాడు. డాక్టరు మత్తుమందు పెట్టి చంపేసిందని తమ్ముడు బాబ్జీ ఫిర్యాదు చేశాడు. నిన్న ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. ఒక పట్టీ వల్ల రక్తంలో ఉండాల్సిన మందుకి రెండింతలు ఉందట.

తెల్లవారేసరికి చికిత్సాలయానికి సీలు పడింది.

శ్రీనివాస్ వెళ్ళేటప్పటికి వందన తన వరండాలోనే రోగులు కూర్చునే బెంచీ మీద కూర్చుని ఉంది. ఎదురుగా కుర్చీ వేసుకుని మేరీ అనే మహిళా కానిస్టేబుల్ కాపలా. మందుల గది తలుపుకి కొత్త తాళం, దాని మీద లక్క. ముప్పై అయిదేళ్ళయినా ఉండవు వందనకి. ఏడుస్తుందేమో అనుకున్నాడు గానీ, ఆవిడ కోపంగా ఉంది. తన అరెస్టు గురించి ఒక్క మాటా మాట్లాడలేదు.

"జిల్లా ఈ మూల నుంచి ఆ మూల దాకా ఈ మందు దొరికేది ఈ గదిలోనే. రేపు పట్టీ మార్చాల్సినవాళ్ళున్నారు. ఇది ఒక్కసారిగా ఆపేస్తే ఆ మనుషులు ఏమవుతారో ఆయనకి చెప్పండి," అంది.

పున్నారావు పోయిన రోజు మధ్యాహ్నం ఆవిడే లంకకి వెళ్ళి పాత పట్టీ తీసి కొత్తది కుడి భుజం కింద అంటించి వచ్చింది. ఎప్పటి మోతాదే. పాతది మడిచి, తిరిగి తెచ్చి, సాక్షి ఎదుట పారేయించింది. జాగ్రత్తలన్నీ చెప్పారా అని అడిగాడు శ్రీనివాస్. వెళ్ళిన ప్రతిసారీ చెబుతానంది. తాగకూడదు, రెండోది అంటించకూడదు, హీటింగ్ ప్యాడ్ వాడకూడదు, వేడినీళ్ళ రబ్బరు సంచీ పెట్టకూడదు, జ్వరం వస్తే ఫోన్ చేయాలి. పున్నారావు భార్య వెంకటలక్ష్మి ప్రతిసారీ తలూపేదట.

ఆ తలూపడమే ఇప్పుడు శ్రీనివాస్ మూసిన కళ్ళ వెనక పదే పదే కదులుతోంది. ఎందుకో అతనికి తెలియడం లేదు.

"మత్తుమందుల చట్టం నాకూ తెలుసులెండి," అన్నాడు సి.ఐ., అడగకుండానే. "ఇంత బలమైన మందు కాన్సరు రోగులకి. నడుం నొప్పికి కాదు."

"చట్టంలో కాన్సరు అన్న మాట ఎక్కడుందో చూపించండి, ఈ పంటు మీద నుంచే వెనక్కి వెళ్ళిపోతాను."

శ్రీనివాస్ కళ్ళు తెరిచి, చాలా నెమ్మదిగా, నిద్రలో మాట్లాడుతున్నట్టుగా చెప్పుకొచ్చాడు. ఒకప్పుడు మార్ఫిన్ ఇవ్వాలంటే ఆస్పత్రి నాలుగైదు లైసెన్సులు తెచ్చుకోవాలి, ఒకటి చేతికొచ్చేసరికి ఇంకొకటి గడువు తీరిపోయేది, అప్పటికి రోగి పోయేవాడు. ఆ బాధ చూడలేకే రెండువేల పధ్నాలుగులో చట్టం సవరించి, మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి కొన్నింటిని అత్యవసర మందులుగా విడదీశారు. సంస్థకి రాష్ట్ర ఔషధ శాఖ గుర్తింపు ఉండాలి, డాక్టరుకి నొప్పి చికిత్సలో శిక్షణ ఉండాలి, ప్రతి పట్టీకి లెక్క ఉండాలి. రోగం పేరేమిటని చట్టం అడగదు, నొప్పి ఉందా లేదా అనే అడుగుతుంది.

"ఆవిడ లెక్క మీరే చూశారు కదా. ఎంత తేడా వచ్చింది?"

"ఒక్కటీ తేడా లేదు," అన్నాడు సి.ఐ. "అందుకే నా అనుమానం. లెక్కలోకి రాని మందు ఇంకెక్కడో ఉంది."

"బాగుందండీ. లెక్క తప్పితే దొంగ, సరిపోతే గజదొంగ."

జగన్మోహనరావు చెడ్డవాడు కాదు. లంచం తీసుకోడు, అమాయకుణ్ణి కొట్టడు. కాకపోతే పట్టిన పట్టు విడవడం అతనికి చేతకాదు, పైగా ఈ కేసులో పట్టుకోవడానికి గట్టి ఆధారమే ఉంది. పోస్టుమార్టంలో పట్టీ దొరికింది భుజం కింద కాదు, నడుం మీద. భుజం కింద జిగురు గుర్తు మాత్రమే ఉంది. నడుం మీద పట్టీ, దాని చుట్టూ ఎర్రగా కమిలిన చర్మం.

"రెండు చోట్ల గుర్తులు, రెండింతల మందు. ఒకటి తీసేశారు, ఒకటి మిగిలింది. ఇంతకంటే తేటతెల్లంగా ఉంటుందా?" అన్నాడు సి.ఐ.

పంటు వెళ్ళి ఒడ్డుకి తగిలింది. మంచులోంచి ముందు కొబ్బరి మట్టలు, తర్వాత మనుషుల తలలు, ఆ తర్వాత నేల బయటికొచ్చాయి.

వెంకటలక్ష్మి వాళ్ళకి కుర్చీలు వేసి, తను గుమ్మం పక్కన కింద కూర్చుంది. నలభై అయిదేళ్ళ మనిషి. భర్త పోయి నెల దాటినా ఇంట్లో ఇంకా ఎవరో పడుకుని ఉన్నట్టు గొంతు తగ్గించే మాట్లాడుతోంది. శ్రీనివాస్‌ది బందరు పక్కన జాలర్ల ఊరు గిలకలదిండి అని తెలిశాక ఆమె ముఖం కొంచెం తేటపడింది. "మనోళ్ళేనా బాబూ," అని అతని తల్లి పేరు, మేనమామల పేర్లు అడిగి తెలుసుకుంది. సి.ఐ. వాచీ చూసుకున్నాడు.

డాక్టరమ్మ మీద ఆమెకి కోపం లేదు. ఆ సంగతి సి.ఐ. ఎన్ని రకాలుగా అడిగినా మారలేదు. ఏడాదిన్నర నరకం చూసిన మనిషికి ఆరు నెలలు ఊరట ఇచ్చింది ఆ అమ్మేనని చెప్పింది. బాబ్జీకి అన్నంటే ప్రాణం, ఎవరి మీదో ఒకరి మీద కోపం తీర్చుకోకపోతే వాడికి అన్నం దిగదు, అంతేనంది. ఆ రోజు డాక్టరు సూదిమందు ఏమైనా ఇచ్చిందా అంటే లేదంది. రెండో పట్టీ అంటించిందా అంటే లేదంది.

"మరి నడుం మీదికి ఎలా వచ్చిందమ్మా?"

"నేనే మార్చానండీ," అంది వెంకటలక్ష్మి, అందులో అడగడానికేముందన్నట్టు. "నొప్పి నడుంలో ఉంటే మందు భుజానికా? డాక్టరమ్మ వెళ్ళాక మెల్లిగా ఊడదీసి నడుం మీద అంటించాను. అంచులు లేస్తుంటే తెల్ల టేపు వేశాను."

టేపు చుట్ట ఇంకా కిటికీలోనే ఉంది. సి.ఐ. దాన్ని తీసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. పంటు మీద తేటతెల్లంగా ఉన్న కేసు ఒక్క మాటతో సగం కూలిపోయింది. అయినా మిగతా సగం అలాగే నిలబడి ఉంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. రెండు గుర్తులూ ఒకే పట్టీవి అయితే మరి మందు రెండింతలు ఎక్కడి నుంచి వచ్చింది?

గది చూస్తానని శ్రీనివాస్ లేచాడు. చిన్న గది. కిటికీ కింద నవారు మంచం, దాని మీద దుప్పటి ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు సగం మడిచి ఉంది. గోడకి దేవుడి పటాలు, మోపిదేవి నుంచి తెచ్చిన విభూతి పొట్లం. పక్కన స్టూలు మీద గ్లాసు. మందు సీసాలు గానీ, సూదులు గానీ, సారా వాసన గానీ లేవు. మంచం తలవైపు కాదు, నడుం దగ్గర పైన, వాసానికి తాడు కట్టి ఒక మూట వేలాడుతోంది. పాత లుంగీ గుడ్డ. అతను చెయ్యి పెట్టాడు. గట్టిగా, తడిగా తగిలింది. మంచుకి ఉప్పు చెమర్చింది. మూట అడుగున గుడ్డ గోధుమ రంగుకి మాడి ఉంది.

అతను మంచం పట్టె మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

వాకిట్లో సి.ఐ. ఆమెను ఆఖరి రోజు గురించి అడుగుతున్నాడు. ఆమె మెత్తని గొంతు గుమ్మం దాటి లోపలికి వస్తోంది. ఆ రోజు సాయంత్రానికే చలి ముదిరిందట. చలికి నడుం పట్టేసిందన్నాడట. ఆ తర్వాత ఎంతో హాయిగా ఉన్నాడట. ఎప్పుడూ లేనిది నవ్వాడట. సముద్రం ఇంట్లోకి వచ్చింది లక్ష్మీ అన్నాడట, మంచం తేలుతోంది, వెచ్చగా ఉందన్నాడట. ఆమె మంచం కోడు పట్టుకుని, నేను పట్టుకున్నాను, ఎక్కడికీ పోదులే పడుకో అందట.

ఆ మాటల మీద శ్రీనివాస్ కూడా కొంతదూరం తేలాడు. గిలకలదిండిలో తన చిన్నప్పటి ఇల్లు కనబడింది. వేట నుంచి వచ్చిన నాన్న బోర్లా పడుకున్నాడు. అమ్మ పెనం మీద గల్లుప్పు వేయిస్తోంది. ఉప్పు చిటపటలాడుతోంది. గుడ్డలో పోసి, మూట కట్టి, ముందు తన చెంపకి ఆనించుకుని వేడి చూసుకుని, నాన్న నడుం మీద పెడుతోంది. నాన్న నిద్రలోకి జారిపోతున్నాడు. దాన్ని మందని ఎవరూ అనుకోలేదు. ఆ ఇంట్లో ఎవరికి నొప్పి వచ్చినా అమ్మ చెయ్యి అలాగే వచ్చేది.

హీటింగ్ ప్యాడ్ వాడకూడదు. వేడినీళ్ళ రబ్బరు సంచీ పెట్టకూడదు. వెంకటలక్ష్మి తలూపింది.

ఎందుకు ఊపదు? ఆ రెండూ ఆమె ఇంట్లో లేవు.

అతను కళ్ళు తెరిచాడు. ఇన్నేళ్ళ వృత్తిలో నిజం దొరికినప్పుడల్లా అతనికి లోపల ఒక సంతోషం కలిగేది. ఈసారి దొరికింది దొరకకుండా ఉంటే బాగుండేదనిపించింది.

టీ పెట్టమని ఆమెను లోపలికి పంపి, సి.ఐ.ని పెరట్లోకి తీసుకెళ్ళాడు. వల ఆరేసిన దడి పక్కన నిలబడి, గొంతు తగ్గించి చెప్పాడు. పట్టీలోంచి మందు దిగే వేగం ఒంటి వేడిని బట్టి ఉంటుంది. దాని మీద నేరుగా వేడి పెడితే మూడు రోజుల్లో దిగాల్సింది గంటల్లో దిగుతుంది. నొప్పి ఉన్నచోటే పట్టీ, నొప్పి ఉన్నచోటే ఉప్పు కాపడం. కమిలిన చర్మం దెబ్బ వల్ల కాదు, వేడి వల్ల. ఆఖరి సాయంత్రం చలి వేసిందని ఎప్పటికంటే ఎక్కువసేపు పెట్టి ఉంటుంది.

జగన్మోహనరావు దడి మీది వల అంచు సర్దాడు. ఒప్పుకోవడం ఇష్టం లేని మనిషి ఒప్పుకుంటున్నప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

"ఇది ఆవిడ నోట రావాలి," అన్నాడు. "వాంగ్మూలంలో ఉండాలి. లేకపోతే డాక్టరు కోసం మీరు అల్లిన కథంటారు పైవాళ్ళు."

"చెప్పించకండి. డాక్టర్లున్నారు, నిపుణులున్నారు. వాళ్ళ చేత రాయించండి. మొగుణ్ణి చంపింది నీ చెయ్యేనని ఆవిడకి ఈ ఇంట్లో నిలబడి నేను చెప్పను."

"అయితే సాయంత్రం డాక్టర్ని లోపల వేస్తాను. మీ ఇష్టం. ఇద్దరాడవాళ్ళలో ఎవరి ఉసురు పోసుకుంటారో మీరే తేల్చుకోండి."

"మనిషివేనా నువ్వు?" అన్నాడు శ్రీనివాస్. ఎన్నడూ గొంతు పెంచనివాడు పెంచాడు.

సి.ఐ. ఏదో అనబోయేంతలో వెంకటలక్ష్మి టీ గ్లాసులతో వచ్చింది. ఇద్దరూ ముఖాలు సర్దుకున్నారు. గ్లాసు అందిస్తూ, లోపల మీరు ఉప్పు మూట చూశారు కదా బాబూ, అంది ఆమె. దాని గురించి మాట్లాడటం ఆమెకి ఇష్టంగా ఉన్నట్టుంది. ఆఖరి రాత్రి అదే ఆయన్ని ఆదుకుందని చెప్పింది. పట్టీ మీద కాపడం పెట్టాక మందు బాగా పట్టిందట. ఆ సంగతి గూడూరు సుబ్బరత్నమ్మగారికి కూడా చెప్పానంది.

శ్రీనివాస్ తాగబోతున్న గ్లాసు దించాడు. "ఎవరావిడ?"

బందరు బెంచీ మీద పరిచయమట. వెన్నుపూసకి రెండు ఆపరేషన్లయినా నొప్పి తగ్గని పెద్దావిడ. ఈ మధ్యనే ఆవిడకీ పట్టీ మొదలుపెట్టారు. పట్టీ వేసినా రాత్రిళ్ళు నిద్ర లేదని నిన్న ఫోన్ చేసి వాపోతే, మా ఆయనకి ఇలా చేశానండీ అని చెప్పిందట.

"ఇవాళ పొద్దున్నే కోడలి చేత పెట్టించుకుంటానంది. పెట్టించుకునే ఉంటుందండీ. పాపం, ఎన్నాళ్ళయిందో ఆవిడ కన్ను మూసి."

అప్పటికి దాదాపు మధ్యాహ్నం కావస్తోంది.

తర్వాతి పనులన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. శ్రీనివాస్ మేరీకి ఫోన్ చేసి వందనకి ఇమ్మన్నాడు. రెండు ముక్కలు వినగానే ఆవిడ గొంతు మారిపోయింది. పట్టీ వెంటనే తీసేయాలి, వేడి తీసేయాలి, మనిషిని లేపి ఊపిరి పీల్చమంటూ ఉండాలి అంది. విరుగుడు ఇంజెక్షన్ ఉంది, బందరు నుంచి గూడూరు ఎంతో దూరం లేదు, కానీ అది సీలు వేసిన గదిలో ఉందంది. శ్రీనివాస్ ఫోన్ తీసుకెళ్ళి సి.ఐ. చెవి దగ్గర పెట్టాడు.

"మేరీ, సీలు పగలగొట్టు," అన్నాడు జగన్మోహనరావు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అవతల మేరీ కోర్టు సంగతేమిటని నసిగినట్టుంది. "వేసింది నేనే, తియ్యమంటున్నదీ నేనే. డాక్టరమ్మ అడిగింది ఇచ్చి, స్టేషన్ జీపెక్కించి గూడూరు తీసుకెళ్ళు. నేను రాసుకుంటాను." వెంటనే తన ఫోన్లోంచి అంబులెన్సుకి చెప్పాడు.

శ్రీనివాస్ ఈలోగా సుబ్బరత్నమ్మ ఇంటి నెంబరు అడిగి తీసుకుని ఫోన్ చేశాడు. కోడలు జ్యోతిర్మయి ఎత్తింది. మీరెవరంది. అతను డిటెక్టివునని చెప్పడం మొదటి తప్పు, పక్కన సి.ఐ. గారున్నారని చెప్పడం రెండో తప్పు. ఆస్పత్రికి పోలీసులు సీలు వేశారన్న వార్త అప్పటికే గూడూరు చేరింది.

"ఆస్పత్రి మూయించారు, ఇప్పుడు ఒంటి మీదున్న మందు కూడా పీకేయమంటారా?" అంది ఆ అమ్మాయి. "మా అత్తయ్య రెండేళ్ళకి ఇవాళ నిద్రపోయిందండీ. మీకు పుణ్యముంటుంది, మమ్మల్ని వదిలేయండి."

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. సి.ఐ. చేశాడు. ఎత్తలేదు. గూడూరు పోలీసుల్ని పంపిస్తానని అతను ఇంకో నెంబరు వెతుకుతున్నాడు. పోలీసుల్ని చూస్తే ఆ అమ్మాయి తలుపు గడియ పెట్టుకుంటుందని శ్రీనివాస్‌కి తెలుసు. ఆమె మాట వినే మనిషి ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరికే అతను ఈ సంగతి చెప్పకూడదనుకున్నాడు. అతను తిరిగి చూశాడు.

వెంకటలక్ష్మి దడి పక్కన నిలబడి ఉంది. పట్టీ తీసేయాలి, వేడి తీసేయాలి అన్న మాటలన్నీ ఆమె ముందే జరిగాయి. ఎవరూ ఆమెకి ఏమీ చెప్పలేదు, ఎవరూ ఆమె నుంచి ఏమీ దాచనూ లేదు. ఆమె చేతిలో ఖాళీ పళ్ళెం ఉంది. ముఖం మంచులో ఉన్నట్టు తెల్లబోయి ఉంది.

"బాబూ," అంది. "మూట వల్లా?"

అబద్ధం చెప్పడానికి అతనికి చాలినంత సమయం ఉంది. కానీ గూడూరులో సుబ్బరత్నమ్మకి అంత సమయం లేదు. అతను తలూపాడు. అంతకంటే ఏమీ చేయలేకపోయాడు, అందుకు తనని తాను క్షమించుకోలేననిపించింది.

ఆమె పళ్ళెం దడి మీద పెట్టింది. రవికలోంచి తన ఫోన్ తీసి, సుబ్బరత్నమ్మ పేరు వెతికి నొక్కి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది. రెండోసారి మోగగానే జ్యోతిర్మయి ఎత్తింది. అక్కా అంది, ఆ ఒక్క మాటలోనే ఆమె ఎంత నమ్ముతుందో తెలిసిపోయింది.

"జ్యోతీ, ఆ మూట తీసెయ్యమ్మా. పట్టీ కూడా పీకెయ్యి."

"అదేంటక్కా, నువ్వే కదా పెట్టమన్నావు. ఎంత హాయిగా పడుకుందో. పోలీసులు నీ చేత చెప్పిస్తున్నారా?"

వెంకటలక్ష్మి సి.ఐ. వంక చూడలేదు, శ్రీనివాస్ వంకా చూడలేదు. గుమ్మంలోంచి కనబడుతున్న మంచం వంక చూస్తూ మాట్లాడింది.

"ఎవరూ చెప్పించట్లేదు. మా ఆయన దానివల్లే పోయాడు. డాక్టరమ్మ ఏం చెయ్యలేదు. పట్టీ మార్చింది నేను, కాపడం పెట్టింది నేను. నా చేతులతో నేనే పంపించేశాను. నీకు దణ్ణం పెడతాను, తీసెయ్యి."

అవతల ఏదో కింద పడిన చప్పుడయింది. పరుగెత్తిన అడుగులు వినిపించాయి, తలుపు గోడకి కొట్టుకుంది. జగన్మోహనరావు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వాంగ్మూలం రాసుకోవాలన్న సంగతి అతనికి గుర్తుకు వచ్చినట్టు లేదు. మంచు పలచబడి పెరట్లోకి ఎండ పడుతోంది.

"తీసేశానక్కా," అంది జ్యోతిర్మయి. ఆ అమ్మాయి గొంతు గుర్తుపట్టలేనట్టుంది. "లేవట్లేదు. ఒళ్ళు వెచ్చగానే ఉంది, పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఎప్పుడో ఒకసారి తీస్తోంది. ఏం చెయ్యమంటావు?"

"డాక్టరమ్మ వస్తోంది, బయల్దేరింది. వచ్చేదాకా పిలువు. చెంప మీద తట్టి పిలువు, ఊపిరి తియ్యమను. ఆపకు." వెంకటలక్ష్మి అక్కడితో ఆగలేదు. "ఆ రాత్రి నేను పిలవలేదు జ్యోతీ. ఊపిరి తేడాగా ఉందని తెలిసింది. ఇన్నాళ్ళకి పడుకున్నాడు కదా, నిద్ర చెడగొట్టడమెందుకని లైటు కూడా ఆర్పేశాను. నువ్వు పిలువు తల్లీ, గట్టిగా పిలువు."

ఫోన్లో అత్తయ్యా, అత్తయ్యా అని పిలుపు మొదలైంది. పిలుపుకీ పిలుపుకీ మధ్య ముగ్గురూ చెవి ఒగ్గి విన్నారు. అటు నుంచి ఇంకా ఏ జవాబూ లేదు.